సముద్రానికి దాచిన చిల్లర

బాపూ,

"మొగని మీద ఒర్రెతందుకా నిన్ను బీకాం చదివిచ్చింది?" అని నలుగురిలో అడిగావు. నేను మొగుడి మీద అరిచే గయ్యాళినని మా అత్తమ్మ చెప్పగానే నమ్మావు. మాది ఒక్క గది ఇల్లు, ఫోన్‌లో చెబితే ఆమె వింటుంది. అందుకే రాస్తున్నాను.

నీ అల్లుడికి చెవులు పోతున్నాయి. పన్నెండేళ్లుగా పవర్‌లూంల మోతలో నిలబడ్డాడు. అన్నం తినమనాలన్నా నేను అరవాల్సిందే. మగ్గాల మోతకు మా నీలం నగర్‌లో అందరూ గట్టిగానే మాట్లాడతారు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. నేనూ కనిపెట్టలేదు.

పెళ్లయినప్పటి నుంచి, గణపతిపులే పోయి సముద్రం చూడాలని ఇద్దరం రోజూ చిల్లర ఒక రేకు డబ్బాలో వేస్తున్నాం. పోయిన నెల ఆయన వెనకాలే నిలబడి ఐదు రూపాయల బిళ్ల వేశాను. డబ్బా ఖంగుమంది. ఆయన ఇటు తిరిగి, "ఇయ్యాల ఎయ్యవా ఏంది?" అన్నాడు.

డాక్టర్ దగ్గరికి లాక్కుపోయాను. పోయింది తిరిగి రాదని, ఈ పనిలోనే ఉంటే మిగిలిన కాస్తా ఏడాదిలో పోతుందని చెప్పాడు. వాళ్లమ్మకు చెప్పొద్దని ఈయన నాతో ఒట్టు వేయించుకున్నాడు.

"చెవిటోడంటరే. డబ్బా పైసలు ఇంట్లకు వాడు. సముద్రం యాడికి పోతది?" అన్నాడు ఇంటికొచ్చాక.

గది బయట అత్తమ్మ బీడీలు చుడుతోంది. అరవలేక కాగితం మీద రాసి చూపించాను: సముద్రం పోదు, నీకు దాని చప్పుడు పోతది. చదివి, డబ్బా దించి చిల్లర లెక్కపెట్టాడు.

వచ్చే శనివారం మేమిద్దరం గణపతిపులే పోతున్నాం. తిరిగొచ్చాక ఆయన కార్ఖానాకు పోడు. వేరే పని దొరికేదాకా అత్తమ్మ పక్కన కూర్చుని నేనూ బీడీలు చుడతాను.