సీసాలో మిగిలిన బూడిద

అత్తమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. నీ చిక్కుడు మొక్కలకు మిడతలు పట్టాయి.

మొన్న గోడవతల యూనివర్సిటీ క్యాంపస్‌లో గడ్డి కోశారు. అక్కడ మేత లేక అవన్నీ మన పెరట్లోకి దూకాయి. ఐదు మొక్కల్లో నాలుగింటికి కాడలే మిగిలాయి. తెల్లారగట్ల మంచుకు తడిసి అవి ఎగరలేని వేళలోనే నువ్వు ఏరి సబ్బునీళ్లలో వేసేదానివి. నేనూ అలాగే ఏరుతున్నాను. కాళ్లతో నా వేళ్లను తన్నుతుంటే ఒళ్లు జలదరిస్తోంది.

"మందు కొడితే అయిపోతది గదా, ఏంది నీ బాధ?" అన్నాడు నీ కొడుకు.

"పాప ఆడుకునేది గాడనే. మందెట్ల కొడ్త?" అన్నాను.

అసలు భయం అతనికి చెప్పలేదు. నువ్వు ఏటా సగం గింజలే పెట్టి, మిగతా సగం సీసాలో బూడిద పోసి దాచేదానివి. నేను ఈసారి అన్నీ పెట్టేశాను. పెరడంతా తీగ పాకితే నువ్వున్నట్టే ఉంటుందనుకున్నాను. మీ అమ్మ నీకిచ్చిన విత్తనం ఇప్పుడు ఆ ఒక్క మొక్కలోనే ఉంది.

ఆకు మీద బూడిద చల్లితే మిడత ముట్టదనేదానివి. తార్నాకలో, గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? ఇవాళ నీ సీసానే బోర్లించాను. పిడికెడు వచ్చింది. ఒక్క గింజైనా ఉంటుందేమోనని వేలితో కెలికి చూశాను. లేదు. బూడిదంతా ఆ మొక్క మీద చల్లేశాను.

లాలాపేట్ వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే బూడిద నిలవదు. నీ నల్ల గొడుగు తెరిచి మొక్క మీద కట్టి వచ్చాను.

గాలి లేస్తోంది, అత్తమ్మా.