నాని తాడు లాగాడు

సునాబెడ,
ఆదివారం.

అమ్మకు మహతి నమస్కారాలు.

ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. విశాఖలో నువ్వు, అక్క, పిల్లలు కులాసా అని నమ్ముతున్నాను. చలికి దుప్పటి చాలుతోందా అని అడిగావు. చాలుతోంది. క్వార్టర్స్‌లో నీళ్లూ సరిగానే వస్తున్నాయి. నీ తమ్ముడి కారు పందేలు ఎలా జరిగాయని కూడా అడిగావు. దానికి జవాబు ఫోనులో చెప్పలేకే ఈ ఉత్తరం.

అసహ్యంగా జరిగాయమ్మా.

రాయగడ దగ్గర కొల్నార దాటాక, వాడకంలో లేని రన్‌వే మీద పెట్టాడు సూర్యారావు మావయ్య. రెండేసి కార్లు తిన్నగా దూసుకుపోవడమే పందెం. ఆ వేగాన్ని ఉత్త చక్రాల బ్రేకులతో ఆపలేం. వెనక చిన్న పారాచ్యూట్ ఉంటుంది, తాడు లాగితే విచ్చుకుని కారును వెనక్కి పట్టేస్తుంది. ఇంజనీరునని కార్లు పరీక్షించే పని నాకే అప్పగించాడు. తీరా చూస్తే తన రిపేరు షాపు కారుకే పారాచ్యూట్ బట్ట చిరిగి ఉంది, ముందు చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. ఇది కదలడానికి వీల్లేదన్నాను.

"ఏటమ్మీ, ఇంత సిన్న సిరుగుకి బండి ఆపీమంటావేటి? జనం వొచ్చీసేరు!" అని నవ్వాడు.

నేను ఒప్పుకోలేదు. "సర్లే, పక్కనెట్టిస్తాను" అన్నాడు. నేను ఇంకో కారు దగ్గరికి వెళ్లగానే దాన్ని గీత మీదికి పంపేశాడు.

నడిపింది నాని. మావయ్య ఇంటి పక్క బుల్లి లేదూ, ఆమె కొడుకు. మావయ్య షాపులోనే మెకానిక్. పారాచ్యూట్ బయటికి వచ్చింది గాని విచ్చుకోలేదు, తడి తువ్వాలులా ఈడ్చుకుంటూ పోయింది. కార్లు ఆగడానికని చివర పోసిన ఇసుకను కూడా దాటి కారు మట్టిగట్టును గుద్దింది. నేను పరిగెత్తి వెళ్లేసరికి నాని కాలు మోకాలి కింద విరిగి ఉంది. జనం ఈలలు వేస్తూ ఫోన్లలో తీస్తున్నారు. మైకులో తరవాతి జంటను పిలుస్తున్నారు! నేను రన్‌వేకి అడ్డంగా నిలబడితేగాని ఆపలేదు. అప్పుడు మావయ్య ఏం చేస్తున్నాడనుకున్నావు? పారాచ్యూట్ విప్పి తన వ్యాన్‌లో కుక్కుతున్నాడు.

రాయగడ ఆసుపత్రి వరండాలో నాని తల్లి బుల్లిని చెయ్యి పట్టుకుని "నేనున్నాను కదా" అని ఓదార్చాడు. ఆ వెంటనే నన్ను పక్కకి పిలిచి, "ఆడు తాడు లాగడం మర్సిపోనాడని పోలీసులకి సెప్పీ. ఇంజనీరువి, నీ మాట నమ్ముతారు" అన్నాడు.

లోపలికి వెళ్తే నాని నా చెయ్యి వదల్లేదు. "అక్కా, నాను తాడు లాగేను. బ్రేకు తొక్కితే కిందికంటా దిగిపోనాది. అందరూ నాదే తప్పంటన్నారు. నాను సేసిన తప్పేటక్కా?"

ఇంక దాచనమ్మా. చూసిందంతా పోలీసులకు చెప్పి సంతకం పెట్టాను. వ్యాన్‌లో పారాచ్యూట్ దొరికింది. నిన్న మావయ్యను తీసుకెళ్లారు. నాని కాలు నిలుస్తుందన్నారు డాక్టర్లు.

అత్త నీకు ఫోన్ చేసి ఏడుస్తుంది. నువ్వూ ఏడుస్తావు. నీ ఒక్కగానొక్క తమ్ముడు, ఎత్తుకుని పెంచావు. నన్ను తిట్టు, పడతాను. మాట మార్చమని మాత్రం అడగకు. నువ్వడిగితే కాదనాల్సి వస్తుంది. మావయ్య మీద సాక్ష్యం చెప్పడం కన్నా నాకు అదే కష్టం.

ఇట్లు,
నీ చిన్న కూతురు
మహతి