అక్క రవిక కొలత

మాఖిన్,

నువ్వు పోయి నేటికి ఏడాది. బర్మాలో పుట్టినదానివి, నా వెంట చీపురుపల్లి వచ్చావు. నీ ఒంటికి సరిపడే రవిక ఒక్కటీ కుట్టించలేకపోయాను. దర్జీ ఆడవాళ్ళను కొలవడు, ఆది రవిక తెమ్మంటాడు. నీకు ఆది ఎక్కడిది? మా అక్కది ఇచ్చాను. కొలిచి కుట్టే విశాఖ దుకాణం మన స్తోమతకు మించింది. వదులు భుజాలకు పిన్నీసులు పెట్టుకునే బతికావు. స్త్రీ స్వేచ్ఛ మీద వ్యాసాలు రాసే నేను దర్జీని ఒక్క మాటా అనలేదు.

ఈవేళ మన అమ్మాయి మొదటి రవిక కోసం దాన్ని వెంటబెట్టుకుని ఆ దర్జీ దగ్గరికే వెళ్ళి అన్నాను. టేపు తగిలితే పోయే పరువు పరువేనా అని గంటసేపు వాదించాను.

"ఊరేటంటాది బావూ? ఆది అట్టుకురండి" అన్నాడు.

అమ్మాయే ఇంటికెళ్ళి నీ పెట్టెలోని రవిక తెచ్చి అతని ముందు పెట్టింది.

"పర్లేదు నాన్నా, పిన్నీసులెట్టుకుంటాను."