వెల్లుల్లి ఎందుకు చేదెక్కింది

చెల్లీ,

నీ చీజ్ గార్లిక్ బ్రెడ్‌లో వెల్లుల్లి చేదెక్కుతోందని, రేపు కొట్టు తెరిచేలోగా కారణం చెప్పమని మీ బావగారితో కబురు పంపావు.

నువ్వు వెల్లుల్లిని చీజ్ మీద చల్లుతున్నావు. పైన ఉంటే మాడిపోతుంది. సన్నగా తరిగి, మెత్తబడిన వెన్నలో కలిపి బ్రెడ్‌కు పట్టించు. దానిమీద చీజ్ వెయ్యి. రెబ్బలు లెక్కపెట్టకు, తూకం వేసుకో. నలభై గ్రాముల వెన్నకు ఎనిమిది గ్రాముల వెల్లుల్లి సరిపోతుంది.

ఈ కొలత కుదరడానికి నేను ఇరవై మూడుసార్లు చేశాను. ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకుంటుంటే, “బ్రెడ్డుకి కూడా హాజరు వేస్తావేంటక్కా!” అని నవ్వావు. నేనూ నవ్వాను.

పోయిన ఆదివారం రుచి చూడటానికి వచ్చినవాళ్లు “ఆవిడెవరు?” అని అడిగితే మాత్రం, “వంటింట్లో సాయానికి పెట్టుకున్నాంలెండి” అన్నావు. నేను నీ తోడికోడలిని. ట్రే పట్టుకుని నీ వెనకే నిలబడి ఉన్నాను. మీ బావగారు అది విని కూడా ఇంకో ముక్క తీసుకున్నారు.

రేపు పొద్దున్నే రమ్మన్నావు. ఎవరైనా అడిగితే నన్ను ఎవరని చెబుతావో ఈ సాయంత్రంలోగా రాసి పంపు. అది చదివాక, వస్తానో రానో చెబుతాను.

ఇట్లు,
అక్క