మేపుల్ కొమ్మకు చుట్టిన తీగ

సుధాకర్, మా అవ్వ జారిపడి చెయ్యి విరిగిందట. తమ్ముడు ఫోన్ చేసిండు. మెట్‌పల్లి పోతున్న. అన్నం వండి పెట్టిన, పప్పు ఫ్రిజ్‌ల ఉంది.

మేపుల్ బోన్సాయ్ కుండీని పొద్దటి ఎండ అయిపోంగనే వరండా లోపలికి జరుపు. మన కాగజ్‌నగర్ ఎండకు ఆకుల అంచులు మాడుతున్నయి. మట్టిని వేలితోని ముట్టి చూసి, పైన ఆరితేనే నీళ్లు పొయ్యి. కత్తెర మాత్రం పెట్టకు, కొత్త చిగురు వస్తుంది.

కొమ్మ వంచనీకి మనం చుట్టిన అల్యూమినియం తీగను పొద్దుగాల నేనొక్కదాన్నే ముక్కలు ముక్కలు కత్తిరించి తీసిన. ఆదివారం ఇద్దరం కలిసి తీద్దామన్నవు. నీకు ఆదివారాలన్నీ డ్యూటీలే ఆయె. తీగ బెరడులకు దిగి మచ్చ పడ్డది. పరేషాన్ గాకు, మెల్లగ మానుతదట. కొమ్మయితే మనం వంచినట్టే నిలిచింది. చూపిద్దామంటే నువ్వు నిద్రల ఉన్నవు.

నువ్వొచ్చేసరికి నేను పండుకుంట. నేను లేచేసరికి నీకు నిద్ర. దినమంతా నేను మాట్లాడేది గా చెట్టుతోనే. నవ్వకు.

వనజ

ఇంకో మాట. చెట్టు ఫోటో తీసి పంపి ఊకోకు. ఫోన్ చెయ్యి. చెప్పనీకి ఏం లేకున్నా జరసేపు మాట్లాడు.