మీనక్క పేరుతో బోణీ

రావులపాలెం,
మంగళవారం.

మీనక్కకి,

కడపలో నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. మనసుల సంగతి కిందకి వెళ్ళేకొద్దీ రాస్తాను, ఓపిగ్గా చదువు. ఫోన్ చెయ్యొచ్చుగా అని తిట్టుకోకు. కొట్లో నాన్నగారు, ఇంట్లో అమ్మ. ఫోన్ చెవిలో పెట్టుకుంటే చాలు, ఎవరో ఒకరు పక్కన చేరిపోతారు.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మ మోకాలు నయం. మెట్లెక్కొద్దన్న డాక్టరుగారి మాట మాత్రం ఆవిడ చెవికి ఎక్కలేదు. గుమస్తా దొరబాబుకి మనవరాలు పుట్టింది. లారీ డ్రైవర్లక్కూడా ఫొటో చూపించిగానీ బిల్లు చేతికివ్వడం లేదు. నువ్వు అడిగిన చక్కెరకేళి పళ్ళు పంపుదామనుకున్నాను. దారిలోనే ముగ్గిపోతాయని అమ్మ ఆపేసింది.

ఇక నువ్వు చివర్లో అడిగినదానికే నాకు చెయ్యి ఆడడం లేదు. "కొట్టు లైసెన్సుల్లో నా పేరు ఎప్పుడో తీసేసే ఉంటారుగా?" అన్నావు. తియ్యలేదక్కా.

మనం పళ్ళు పంపే బెంగళూరు సూపర్‌మార్కెట్ల కంపెనీ పట్టుబట్టి పెట్టించిన సాఫ్ట్‌వేర్ గుర్తుందిగా. కంప్యూటర్ తెరిచింది ఎవరు, బిల్లు కొట్టింది ఎవరు అని పేరుతో సహా రాసిపెట్టుకునేది. మనిషికో లైసెన్సు, ఏడాదికోసారి చందా. ఒకరి పేరుతో ఇంకొకరు తెరవకూడదు, మానేసినవాళ్ళ పేరు తీసెయ్యాలి. ఇందులో ఏది తప్పినా మొత్తం లైసెన్సులన్నీ ఆపేస్తారు. లైసెన్సు లేని కొట్టు నుంచి ఆ కంపెనీ ఒక్క అరటి గెల కూడా దింపుకోదు. మన సరుకులో సగానికి పైగా వెళ్ళేది వాళ్ళకే.

ఈ ఏడు చందా కట్టే పని నా నెత్తిన పడింది. నీ పేరు ఉంచమని నాన్నగారంటే మమకారం అనుకున్నాను. పోయిన వారం సాఫ్ట్‌వేర్ వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. మీ పనివాళ్ళ జాబితాలో లేని మీనాకుమారి పేరుతో రోజూ మొదటి బిల్లు పడుతోంది, ఈవిడ ఎవరు అని. మర్నాడు కొట్టు తెరిచే వేళకే వెళ్ళి కూర్చున్నాను.

తీరా చూస్తే అది నాన్నగారి పని. అగరొత్తి వెలిగించి, కళ్ళజోడు తుడుచుకుని, నీ పేరుతో తెరిచి ఒక్క బిల్లు కొడతారు. అది మూసేశాక తన పేరుతో కూర్చుంటారు. నీ చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. నువ్వు ఇంటర్ చదివే రోజుల్లో బోణీ బిల్లు నీచేతే రాయించేవారుగా. నువ్వు ఉద్యోగానికి కడప వెళ్ళిన నెలలోనే తుపాను వచ్చి తోటలన్నిటినీ పడుకోబెట్టేసింది. అప్పట్నుంచీ ఇదే వరస. లాగిన్‌కి వచ్చే కోడ్ కూడా తన ఫోన్‌కే వచ్చేలా మార్పించుకున్నారు.

పన్నుల ఆఫీసరువైన నీ పేరు మీద రోజూ పుట్టింటి కొట్టు బిల్లు. సర్కారు ఉద్యోగి వ్యాపారంలో ఉండకూడదని నీకు నేను చెప్పేదేముంది. ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తవ్వలేదు. బయటపడితే నీ ఉద్యోగం పోతుంది. ఆ మాటే నాన్నగారితో అన్నాను.

"దానికంత కంగారెందుకు? అక్క అక్కణ్ణుంచే మన కొట్టు పని చూస్తోందని ఒక్క ముక్క రాసి పడెయ్యి. మనిషి మనదే అయితే లైసెన్సు సక్రమమేగా" అన్నారు.

"ఆ ముక్క అక్క ఆఫీసువాళ్ళ కంట పడితేనో?"

"కడపవాళ్ళకి మన కాగితాలతో పనేంటమ్మా? రేపు లారీలు ఆగిపోతే గెలలు మోసే జట్టువాళ్ళకి ఏం చెబుతావు? అది చూడు ముందు."

ఆయన అన్నదీ నిజమే. ఆ జట్టువాళ్ళ ముఖాలు నేను రోజూ చూస్తాను. నీ మీద కోపం కూడా వచ్చిందక్కా. నువ్వు వెళ్ళిపోయినా నీ చెయ్యి ఇక్కడే ఉంది. పొద్దస్తమానం కొట్లోనే ఉండే నా చెయ్యి ఎవరి కంటికీ ఆనలేదు.

ఇక దాచను. శనివారం వాళ్ళకి జవాబు పంపేశాను. మీనాకుమారి ఎప్పుడో మానేసింది, ఆవిడకి ఇదేమీ తెలీదు, ఆ పేరు వాడింది మా నాన్నగారు అని ఉన్నది ఉన్నట్టు రాశాను. నీ పేరూ తీసేశాను. లైసెన్సులు ఆపుతారో, మందలించి వదిలేస్తారో ఈ వారంలో తేలుస్తారట.

నాన్నగారికి ఇది తెలీదు. ఆ రోజు భోజనాల దగ్గర "రాశావా అమ్మా?" అని అడిగారు. "రాశాను" అన్నాను. తను చెప్పిందే రాశాననుకున్నారు. ఎన్నాళ్ళకో మారు వడ్డించమని అడిగి మరీ తిన్నారు. అమ్మ నా వంక చూసింది. నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను.

ఈ ఉత్తరం అందగానే మీ పై ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళి నువ్వే చెప్పెయ్యి. నేను పంపిన జవాబు నకలు ఇందులోనే పెట్టాను, చూపించు. నాన్నగారిని కాపాడదామని అబద్ధమాడకు. ఆయనకి నచ్చజెబుదామని ఫోనూ చెయ్యకు. ఆయనకి చెప్పాల్సింది నేను, చెబుతాను.

ఆదివారం కొట్టు సెలవు. నిన్న పొద్దున్న నీ పేరు తెరుచుకోలేదు. నన్ను పిలిచారు. చందా పని పూర్తయ్యేదాకా తెరుచుకోదండి అని ఇంకో అబద్ధం చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు.

"అయితే నువ్వు కూర్చో. కొట్టు నిలబెట్టినదానివి. ఇవాళ బోణీ నీ చేత్తోనే కానీ" అన్నారు.

కూర్చున్నాను. నా పేరుతో తెరిచి బిల్లు కొడుతుంటే, ఆయన నా వెనకాల నిలబడి, "మా చిన్నదాని చెయ్యి కూడా మంచిదేనయ్యా" అని దొరబాబుతో అంటున్నారు. ఆ మాట కోసం నేను చిన్నప్పట్నుంచీ ఎంత కాచుకున్నానో నీకొక్కదానికే తెలుసక్కా. వెనక్కి తిరిగి ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సాయిప్రసన్న