తుడిచిపెట్టిన బోర్డులు

ప్రియమైన కుదురక్కకి,

కార్ఖానాలో నిన్ను కుదురనీ నన్ను కంగారనీ పిలిచేవారు కదా, ఆ కంగారునే రాస్తున్నాను. ముందు ఒక కాగితం రాసి రెండు రోజులు దిండు కింద పెట్టుకుని చింపేశాను. ఇల్లు మారావేమో, ఎవరి చేతిలో పడుతుందో, నా కోడి గీతలు చూసి నవ్వుతారేమో అని. ఇది రెండోది.

ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాను. పైన కాపురం, కింద గదిలో దాని పని. ఆసుపత్రుల్లో ఎవరి వంతు వచ్చిందో చూపించే ఎర్ర అంకెల బోర్డులు చేస్తుంది. మనం తూకం యంత్రాలకి చేసినవే, కాకపోతే చేటంత ఉంటాయి. మెట్లు దిగగానే సోల్డరింగు పొగ వాసన తగిలి నువ్వు గుర్తొస్తావు. కిటికీ పక్కన మన బల్ల, నీ పక్కన నా స్టూలు. నువ్వు ఊపిరి బిగబట్టి చిప్పు కాళ్ళు అతికిస్తుంటే నేనూ బిగబట్టేదాన్ని. "నువ్వెందుకే చావడం, పీల్చుకో" అనేదానివి.

అసలు సంగతికి వస్తాను. బోర్డులు పాడవుతున్నాయి. దీపాలకి కరెంటు కొలిచి పోసే చిప్పు ఉంటుంది కదా, డ్రైవరు చిప్పు, అదే పోతోందట. ఎనిమిది అంకె మూడులా కనబడుతుంది. ఒక్కోసారి సగం బోర్డు చీకటి. సోల్డరింగు చేసే అమ్మాయి చేతిలోనే తప్పుందని కూతురు అంటోంది. నెలాఖరుకి కారణం తేలకపోతే పిల్లని మానిపించేస్తుందట. ఆ పిల్ల తల వంచుకుని పని చేసుకుంటుంది. అచ్చం నువ్వే. నిన్ను పనిలోకి రావద్దన్న రోజు నువ్వూ ఇలాగే తల వంచుకుని టిఫిను డబ్బా సర్దుకున్నావు. నీకు తెలిసినది ఏదైనా రాయి. ఫోనులో అడుగుదామంటే కూతురు పక్కనే ఉంటుంది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? స్నానాల గదిలో నీళ్ళు నిలవనీయకు, జారుతుంది.

నీ కంగారు

---

ప్రియమైన కంగారుకి,

ఇల్లు మారలేదు. మోకాళ్ళు నాతోనే ఉన్నాయి, అరుస్తూ. నీ ఉత్తరంలో సగం భయాలే, తీసేస్తే నాలుగు ముక్కలు మిగిలాయి. వాటికి జవాబు.

ముందు చిప్పు కాళ్ళ దగ్గర మీటరు పెట్టి అయిదు వోల్టులు వస్తున్నాయేమో చూడమను. వస్తుంటే, కబురు, అదే సిగ్నలు, లోపలికి వచ్చే కాలు, బయటికి పోయే కాలు చూడాలి. చిప్పులు వరసలో కూర్చున్న మనుషుల్లాంటివి. మొదటిది విని రెండోదానికి చెబుతుంది, రెండోది మూడోదానికి. కబురు ఎక్కడ ఆగిందో అక్కడుంది రోగం. ఆ చిప్పు కాళ్ళు మళ్ళీ కరిగించి అతికించమను. బాగుపడితే తప్పు సోల్డరింగుది. బాగుపడకపోయి, కొత్త చిప్పు వేశాక వెలిగితే, పాతది చచ్చిందని లెక్క. అప్పుడు ఎవరు చంపారో వెతకాలి. బోర్డు మొదటి నుంచి చివరి దాకా ఎవరెవరి చేతుల్లో పడుతుందో అన్నీ రాయి, చిన్నదని వదిలెయ్యకు.

నన్ను పెద్ద పనిమంతురాలిని చేసి అడిగావు. నా బోర్డులే ఎక్కువ పాడై తిరిగొచ్చాయని మేనేజరు అందరి ముందు చూపించారు కదా. చేతిలో వణుకు ఉందన్నారు. ఆ తర్వాత నేను సోల్డరింగు కడ్డీ పట్టలేదు. ఆ చెయ్యి అరటిపండు ఒలవడానికి పనికొస్తోంది, చాలు.

అక్క

---

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పినట్టే చూశారు. కూతురు మీటరు పట్టింది, నేను టార్చి పట్టాను. నేను ఆ పిల్ల వైపు చూస్తూ వెలుతురు గోడ మీద వేస్తుంటే "అమ్మా, బోర్డు ఇక్కడుంది" అని విసుక్కుంది. అయిదు వోల్టులు వస్తున్నాయి. కబురు నాలుగో చిప్పు దగ్గర ఆగింది. కరిగించి అతికిస్తే బాగుపడలేదు. కొత్తది వేస్తే వెలిగింది. అయినా కూతురు ఒప్పుకోవడం లేదు, ఆ పిల్ల ఎక్కువ వేడి పెట్టి కాల్చేస్తోందంటుంది. ఆ పిల్ల ఒక్క మాటే అంది: "సాయంత్రం అన్నీ వెలిగించి చూసే వెళ్తున్నానండీ." నిజమే, నేనూ చూశాను. పొద్దున్నకి పోతున్నాయి.

ఎవరెవరి చేతులంటే, ఆ పిల్ల అతికించి వెలిగించి చూస్తుంది, రాత్రికి తాళం, పొద్దున్న కూతురు మళ్ళీ చూస్తుంది. మధ్యలో ఎవరూ లేరు. దీపాలు ఆర్పేముందు నేను ఒకసారి దిగి బోర్డులన్నీ తుడిచి పెడతాను, అంతే. ఈ ఎండుగాలికి దుమ్ము ఎంతలా పడుతోందో. నా పాత నైలాను చీర ముక్క ఉంది, నూగు రాలదు, అద్దంలా వస్తుంది. ముఖ్యంగా ఆ పిల్లవి రెండుసార్లు తుడుస్తాను, దానికి మాట రాకూడదని.

నీకూ అలాగే చేసేదాన్ని, చెప్పలేదు ఎప్పుడూ. బస్సుకని నువ్వు ముందు వెళ్ళిపోయేదానివి కదా. తిరిగొస్తున్నాయని నీ మీద గొణుగుడు మొదలైన దగ్గర్నుంచి ఇంకా గట్టిగా తుడిచేదాన్ని. ఏం లాభం, నిన్ను కాపాడలేకపోయాను.

ఇంకో పది రోజులే ఉంది. త్వరగా రాయి.

నీ కంగారు

---

కంగారూ,

ఇక తుడవకు. ఈ కాగితం అందిన రోజే మానెయ్యి.

నైలాను చీర విప్పుతుంటే చిటపటమంటుంది, చేతి మీద వెంట్రుకలు లేస్తాయి, చూశావా? గుడ్డ రుద్దితే పుట్టే కరెంటది, మనకి చక్కిలిగింత. చిప్పుకి పిడుగు. మా తమ్ముడి కొడుకు ఇలాంటి కంపెనీలోనే చేస్తున్నాడు. మణికట్టుకి తీగ కట్టుకుని, దాన్ని భూమికి కలిపితే కానీ బోర్డు ముట్టుకోనివ్వరట. మన రోజుల్లో మనకెవరు చెప్పారు.

నెలాఖరులోపు కూతురికి చెప్పు. నీ నోటితో చెప్పు.

ఇవాళ ఇంకేమీ రాయలేను.

అక్క

---

ప్రియమైన అక్కకి,

చెప్పాను. ఆ పిల్ల ముందే చెప్పాను. రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. కూతురు నమ్మలేదు. పది బోర్డులు తీసి అయిదు నా చేత తుడిపించింది, అయిదు ముట్టుకోనివ్వలేదు. తుడిచినవాటిలో మూడు పోయాయి. ముట్టుకోనివి అన్నీ వెలుగుతున్నాయి. కూతురు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "రేపు కూడా రా, ఎల్లుండి కూడా రా" అంది. దానికి అలా తప్ప క్షమాపణ అడగడం రాదు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "అమ్మమ్మగారూ, మీ ప్రేమ కొంచెం దూరం నుంచి చూపించండి" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

నీ బోర్డులు కూడా నేనే చంపాను. నీ చేతిలో వణుకు లేదు, అక్కా. పక్క స్టూలు మీద కూర్చుని చూసినదాన్ని, ఏనాడూ లేదు. ఇది మేనేజరు దగ్గర చెప్పాల్సిన మాట. ఆయన పోయాడు, ఆ కార్ఖానా పోయింది. ఎవరికి చెప్పను? నీకు చెబుతున్నాను. ఇన్నేళ్ళు నీ చేతిని నువ్వే అనుమానించుకునేలా చేశాను. తిట్టు, కాగితం నిండా తిట్టు. ఊరుకోకు మాత్రం.

కంగారు

---

ప్రియమైన కంగారుకి,

నెల రోజులు రాయకపోతే పోయాననుకుని ఉంటావు. నీ సంగతి నాకు తెలియదా. కోపం వచ్చింది. చాలానే వచ్చింది. వంటింట్లో గిన్నెలకి తెలుసు.

నిన్న బజారులో ఒక సోల్డరింగు కడ్డీ కొన్నాను. ఇంట్లో పాడైన టార్చి ఉంటే విప్పి, ఊడిన తీగ అతికించాను. మూడో ప్రయత్నానికి నిలిచింది. అతుకు మెరిసింది కూడా. చెయ్యి వణికింది, కంగారూ, బాగానే వణికింది. ఇది వయసు. వణుకంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది, అప్పుడు వణకలేదన్నమాట.

అక్క